ఆగని సాంచలు

సిరిసిల్లలో కరెంటు మగ్గాన్ని సాంచ అంటారు. హన్మండ్లు సేటు షెడ్డులోని ఎనిమిది సాంచలను పన్నెండేళ్లుగా బాగుచేస్తున్నది రాజమౌళి. ఆయనకు ఇద్దరంటే అసహ్యం: చేత పానా పట్టకుండా యంత్రాల గురించి మాట్లాడేవాడు, వాడి మాట నమ్మేవాడు. 1986 ఎండాకాలంలో ఇద్దరూ ఒకే ఇంట్లో దొరికారు.

సేటు అల్లుడు దేవదాస్ కోరుట్లలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. సెలవులకు ఇంగ్లిషు పత్రిక ఒకటి చంకన పెట్టుకుని దిగాడు.

"కంప్యూటరు తనకంటె తెలివైనదాన్ని తనే తయారుచేస్తది కాకా. అది ఇంకా తెలివైనదాన్ని చేస్తది. గట్ల వారం తిరిగేసరికి మనిషి దాని కాలిగోటికి సాలడు."

"గిప్పటిదాక ఎన్ని చేసిందట?" అన్నాడు రాజమౌళి.

"ఇంకా చెయ్యలే. చేస్తది."

"చేసినంక చెప్పు సారూ."

సేటు మాత్రం చెవులు రిక్కించాడు. ఆయన లోపలికొచ్చి బట్ట చూసే రకం కాదు. అరుగు మీద కూర్చుని సాంచల చప్పుడు వింటాడు. చప్పుడు ఆగితే నష్టం, ఆగకపోతే లాభం. ఊళ్లో సగం మంది సేట్ల విద్య అంతవరకే.

దేవదాస్ ఆ కొలతనే ఎత్తుకున్నాడు. రోజు మొత్తంలో అందరికంటే తక్కువసార్లు ఆగిన సాంచ ఆనాటి గురువు. మర్నాడు మిగతా ఏడింటి బిగువులూ దానిలాగే మార్చి, అదే వైపు ఇంకొంచెం జరపాలి. సాంచకు సాంచే నేర్పుతుంది, మనిషి బుర్ర అక్కర్లేదు. వారంలో ఇది నడిస్తే ఇక రానక్కర్లేదని సేటు రాజమౌళి ముఖమ్మీదే చెప్పాడు. యాభై దాటినవాణ్ణి ఇంకో షెడ్డులో ఎవరు పెట్టుకుంటారు?

రెండో రోజు దేవదాస్ జగిత్యాల పోతుంటే నక్సలైట్ల కోసం పోలీసులు బస్సు తనిఖీ చేశారు. సంచిలో ఆ పద్ధతి రాసుకున్న కాగితం దొరికింది. దాని మీద ఎనిమిది సున్నాలు, వాటి నడుమ బాణాలు.

"ఏ దళం ఎటు పోతాంది?" అని అడిగారు.

అవి సాంచలని నమ్మించడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది. ఈలోగా సాంచలు నడిపే పోచయ్య, ఆయన ఇచ్చిపోయిన నకలు గోడకు అంటించుకుని, రాసింది రాసినట్టు చేసుకుపోయాడు. మొదటి రోజు సాంచలు వాటంతటవి ఆగింది నలభైసార్లు. మూడో రోజు పదకొండు. ఐదో రోజు ఒక్కటీ లేదు. సేటు అరుగు మీద హాయిగా నిద్రపోయాడు.

రాజమౌళికి ఆ చప్పుడు కిట్టలేదు. లోపలికి వెళ్లి చూశాడు. అడ్డంగా పడే పేక దారం తెగగానే సాంచను ఆపే చిన్న ఇనుప ముల్లు ఒకటుంటుంది. ఎనిమిదింటికీ అది వదులుగా ఊగుతోంది.

"పోచయ్యా, గీ ముల్లెందుకు వదులు చేసినవ్?"

"నేనెందుకు చేస్తనన్నా. నాలుగో సాంచది ముందునుంచే వదులు. తెగినా ఆగది గదా, గురువాయె. మిగతావాటికి గట్లనే పెట్టి, ఇంకింత వదులు చేసిన."

"బట్ట చూడలేదా?"

"చూసిన. కాగితంల బట్ట సంగతి లేదు."

రాజమౌళి నేసిన బట్ట తాను ఒకటి భుజాన వేసుకుని వెళ్లి అరుగు మీద ఎండకు పట్టాడు. జానెడు నేత, బెత్తెడు ఖాళీ. నడుమ నిలువు పడుగు దారాలు జుట్టులా వేలాడుతున్నాయి. సేటుకు అందులోంచి వీధి మొత్తం కనిపించింది. అప్పుడే ఠాణా నుంచి వచ్చిన దేవదాస్, మాసిన గడ్డంతో పక్కనే నిలబడ్డాడు.

"ఇంకో వారం ఆగితే అవే దిద్దుకునేటియి మామా."

"మంచి బట్టంటే ఏందో వాటికి ఎవలు చెప్పిన్రు సారూ?" అన్నాడు రాజమౌళి. "ఆగొద్దన్నవ్. ఆగుడు మానినయ్. అవి నీ మాటే విన్నయ్."

సేటు ఆ బట్ట మడిచి పక్కన పెట్టాడు. "రాజమౌళీ, ఎప్పటిలెక్క నువ్వే చూడు."

దేవదాస్ ఇంకా ఊరుకోలేదు. "చిల్లులు లెక్కవెట్టే ఏర్పాటు గూడ ఒకటి పెడితే..."

"పెట్టు సారూ. చెడగొట్టినంక పిలువు."

రాజమౌళి ఎనిమిది స్విచ్చులూ వరసగా దించి, పానా తీసుకుని మొదటి సాంచ కిందికి దూరాడు.