పాతర మూత తీసిన నాడు

నా చిన్నప్పుడు మా బాపు సారా మానేసిన సంగతి మా చుట్టాల్లో ఒక కథగా నిలిచిపోయింది. ఎల్లమ్మ గుడి ముందు తడిబట్టలతో నిలబడి, వెలిగే దీపం మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడట. ఆనాటి నుంచి చుక్క ముట్టలేదట. ఈ కథను పెళ్లిలో చెబుతారు, చావులో చెబుతారు. మొన్న మా తమ్ముడి కొడుకుతో తాగుడు మానేటట్టు ఒట్టు వేయించడానికి అదే గుడికి తీసుకుపోయే ముందు నన్ను కూర్చోబెట్టి నాకే చెప్పారు. నేను ఆయన కన్నకూతురిని, ఆ ఇంట్లో పెరిగినదాన్ని. ఆ కథలో ఒట్టు ఒక్కటే నిజం. మిగతాది వాళ్లకు పనికొచ్చేటట్టు అల్లుకున్నది.

బాపు ఒట్టు వేసింది నిజమే. వారం తిరగకుండా తప్పాడు. మళ్లీ వేయించారు, మళ్లీ తప్పాడు. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. ఆ తాయెత్తు చేతికి ఉండగానే సారా దుకాణానికి పోయాడు. కులపెద్దలు పశువుల కొట్టంలో గుంజకు కట్టేసి, నీళ్లు మాత్రం ఇమ్మన్నారు. విప్పిన నాడు ఇంటికి కూడా రాలేదు, అటు నుంచి అటే పోయాడు. ఇంతమంది ఇన్ని చేశారు కదా, వాళ్లలో ఒక్కరైనా "ఎందుకు తాగుతున్నవు" అని అడిగినట్టు నాకు గుర్తు లేదు. తాగుడుకు కారణం తాగుడే అని వాళ్ల లెక్క. ఇన్నేళ్లయినా ఆ లెక్క మారలేదు. నా ఒళ్లు మండేది అందుకే.

మాది భువనగిరి నుంచి పొద్దున బండి కడితే మధ్యాహ్నానికి చేరే ఊరు. మా దిక్కు కల్లు తప్పు కాదు. చుట్టం వస్తే మంచినీళ్ల తరువాత కల్లు ముంతే. బాపు కూడా సాయంత్రం పొలం నుంచి వస్తూ ఇంత కల్లు తాగి, కూనిరాగం తీసుకుంటూ ఇంటికి చేరేవాడు. దాని గురించి మా అమ్మ ఏనాడూ గొడవ పెట్టుకోలేదు. సారా వేరు. సారా మా ఇంటికి చిన్నాయిన చచ్చిపోయాక వచ్చింది.

చిన్నాయిన బాపుకు ఒక్కగానొక్క తమ్ముడు. అప్పటికి పెళ్లి కాలేదు. సంఘంలో తిరిగేవాడు. దొర గడికి వెట్టికి పోవద్దని మా ఊళ్లో మొదట నోరు తెరిచింది అతనే. యూనియన్ మిలిటరీ రావడానికి ముందటి ఎండాకాలంలో, ఒకరోజు పొద్దుటిపూట రజాకార్లు ఊరి మీద పడ్డారు. చిన్నాయిన కోసమే వచ్చారని అందరికీ తెలుసు. అమ్మ మమ్మల్ని లాక్కుని గుట్ట వైపు పరుగెత్తింది. మేము తిరిగి వచ్చేసరికి చిన్నాయినను వాకిట్లో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. ఒంటి మీద గాయం లేదు. రజాకార్లు అతన్ని పట్టుకుని పాతరలో తోసి మూత వేశారని బాపు చెప్పాడు. ఊరు నమ్మింది. నమ్మకపోవడానికి ఏముంది, వాళ్ల పేరు చెబితే ఏదైనా నమ్మే రోజులవి.

పాతర చూడని పిల్లలు పెరిగారు కాబట్టి చెప్పాలి. వాకిట్లో మనిషి నిలువు కంటే లోతుగా గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన రాతి మూత వేసి మట్టితో మెత్తుతారు. అదే పాతర. ఏడాది దాటినా గింజ చెడదు. చెడేది లోపలి గాలి. అందుకే మూత తీయగానే దిగకూడదు. ఆ గాలి పోయేదాకా ఊరుకోవాలి. ఆ తరువాత చేదలో దీపం పెట్టి తాడుతో దించి చూడాలి. దీపం ఆరిపోతే మళ్లీ ఆగాలి. వెలుగుతూ ఉంటేనే మనిషి దిగాలి. మా ఊళ్లో ఇది ఎవరికీ ఎవరూ నేర్పనక్కర లేదు, చూస్తూ పెరిగినదే.

చిన్నాయిన పోయాక ఆ పాతరను బాపు మళ్లీ మట్టితో మెత్తేశాడు. అందులో సగానికి పైగా జొన్నలు ఉన్నాయి. ఎవరైనా దాని మాట ఎత్తితే చేతికందినది విసిరేవాడు. అమ్మ కూలికి పోయి తెచ్చిన నూకలతో గటక వండేది. గింజల మీద నడుస్తూ గింజల కోసం వెతుక్కున్న ఇల్లు మాది.

ఇక ఊరి సంగతి. రజాకార్ల చేతిలో అమరుడైన వాడి అన్న అని బాపును పిలిచి మరీ పోసేవాళ్లు. సంఘం పాటలో చిన్నాయిన పేరు వచ్చిందంటే బాపు అక్కడి నుంచి లేచి దుకాణం తోవ పట్టేవాడు. పాపం, తమ్ముడి మీద ప్రేమ అనేవాళ్లు. పోసినవాడు పుణ్యం అనుకున్నాడు, తాగి పడితే తిట్టినవాడూ పుణ్యమే అనుకున్నాడు. మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు, సంఘం వాళ్లు అడవులు పట్టారు. ఇంక భయమేమి ఉంది, ఇంకా ఎందుకు తాగుతాడు అని మాట మొదలైంది. జవాబు కూడా వాళ్లే చెప్పుకున్నారు, కొవ్వు అని.

ఆ మరుసటి ఏడు వానల్లో మా మేనమామ బండి కట్టుకుని వచ్చాడు. అమ్మే కబురు పంపింది. మమ్మల్ని తీసుకుని తల్లిగారింటికి పోవాలని ఆమె నిశ్చయించుకుంది. పోతే మళ్లీ రాదని నాకు కూడా అర్థమైంది, ఎందుకంటే గింజలు విసిరే ఇసుర్రాయి కూడా బండిలో పెట్టించింది. బాపు అరుగు మీద మంచంలో అటు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇంకా దుకాణానికి పోయే పొద్దు కాలేదు.

"ఏం బావా, లేసి ఒక్క మాటన్న చెప్పరాదు? పెండ్లాం పిల్లలు పోతాండ్రు," అన్నాడు మామ. బాపు అటు తిరిగే ఉన్నాడు. "గీయనకు మాటలెందుకు, సీసా చూపిస్తే లేస్తడు," అన్నాడు మామ మళ్లీ.

మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, గడప మీద కూర్చుని ఇదంతా వింటోంది. ఆమె అమ్మను ఆపలేదు. ఏడవలేదు. కోడలిని పిలిచి, "పోతే పో బిడ్డా. నా కొడుకును పట్టుకొని నీ బతుకు ఆగం చేసుకొమ్మని నేను చెప్ప. గాని ఉత్త చేతులతోని పోవద్దు. పాతర తీస్త, జొన్నలు కట్టుకపో," అంది.

బాపు మంచం మీద నుంచి లేచాడు. "దాన్ని ముట్టద్దు," అన్నాడు. అవ్వ అప్పటికే గడ్డపార తెచ్చుకుంది. వంగి, మూత చుట్టూ గట్టిపడిన మట్టిని పొడవడం మొదలుపెట్టింది. నడుము సరిగా నిలవని మనిషి, ఒక్కొక్క పోటుకు ఊగిపోతోంది. బాపు వచ్చి గడ్డపార పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు.

"నువ్వన్న తియ్యి, నన్నన్న తియ్యనియ్యి. ఇద్దరం పట్టుకొని నిలబడితే మూత రాదు," అంది.

మామ నవ్వబోయి ఊరుకున్నాడు. కాసేపటికి గడ్డపార బాపు చేతిలోనే మిగిలింది. మట్టి పగలగొట్టాడు, మామ ఒక చెయ్యి వేస్తే రాయి పక్కకు జరిగింది. పులిసిన జొన్నల వాసన గుప్పున వచ్చింది. బాపు వెనక్కి తిరిగి పోబోయాడు. అవ్వ అతని చెయ్యి పట్టి, "యాడికి? మూత తీసినోడు పాతర కాడ ఉండాలె. పిల్లలు తిరిగే వాకిలి," అంది. అది ఊరి కట్టడి. తాగుబోతు అయినా కాదనలేనిది. కూర్చున్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆమె చేసిన యుక్తి అంతా ఆ కూర్చోబెట్టడంలో ఉంది. ఆ పని తొందరపడితే అయ్యేది కాదు. మామ బండి ఎడ్లను విప్పి మేత వేశాడు. అమ్మ గడపలో నిలబడింది. అవ్వ చేదలో దీపం పెట్టి దించింది. కిందికి పోగానే ఆరిపోయింది. పైకి లాగి పక్కన పెట్టుకుంది. నేను ఆమె కొంగు పట్టుకుని కూర్చున్నాను, నన్ను పొమ్మనలేదు.

"ఆనాడు గింత సేపు ఆగేటందుకు యాళ్ల లేకుండె. గంతే గదా," అంది అవ్వ, పాతర వైపే చూస్తూ.

బాపు ఆమె మొహం చూశాడు.

"కొట్టంల గడ్డి చాటుకు ఉన్న నేను. వాళ్లు పోయినంక నువ్వు ఉరికొచ్చినవు. పాతర మీద కుడితి కుండ ఉండె, దాన్ని జరిపినవు. దాని కింద పరిచిన చొప్ప తీసినవు. అప్పుడే సమజైంది నాకు. చంపెటోడు చొప్ప పరుస్తడా బిడ్డా? దాచెటోడు పరుస్తడు."

"వాడు వద్దన్నడమ్మా," అన్నాడు బాపు. "గుట్టకు ఉరుకుతనన్నడు. నేనే రెక్క పట్టి దించిన. దీపం పెట్టాలెనని ఎరుకే నాకు. వాకిట్లకు గుర్రాల చప్పుడు వచ్చింది. జర సేపే గదా అనుకున్న."

"నీ జాగల నేనున్నా గదే చేస్తును," అంది అవ్వ. "ఉరికితే తూటకు పోయెటోడు. దిగితే ఆవిరికి పోయిండు. ఏది ఎట్లయితదో ముందుగాల ఎవలకు ఎరుక?"

బాపు రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. మగవాళ్లు ఏడిస్తే పిల్లలను అక్కడి నుంచి పంపేస్తారు, ఆ రోజు ఎవరూ నన్ను పంపలేదు. మామ ఎడ్ల దగ్గరే నిలబడి వాటి మెడలు నిమురుతూ ఉండిపోయాడు. అవ్వ కొడుకును ఓదార్చలేదు కూడా. మళ్లీ దీపం ముట్టించి దించింది. ఈసారి అది లోపల వెలుగుతూనే ఉంది.

బాపే దిగాడు. అడుగున కొన్ని గింజలు ముక్కిపోయాయి, మిగిలినవి బాగానే ఉన్నాయి. గంపలు గంపలుగా పైకి అందించాడు. చీకటి పడేలోగా పని కాలేదు కాబట్టి ఆ రోజు బండి కదల్లేదు. మరునాడు అమ్మ బండిలోంచి ఇసుర్రాయి దింపించుకుంది, జొన్నలు ఇసరాలి కదా అంది. మామ ఒక్కడే పోయాడు. ఆమె బాపును నమ్మి ఉండిపోయిందని నేను అనను. చూద్దాం అనుకుంది, అంతే.

ఆ రోజుతో సారా మానేశాడని చెబితే నేను కూడా మా చుట్టాల్లో ఒకదాన్ని అవుతాను. మానలేదు. మళ్లీ తాగాడు, మళ్లీ పడ్డాడు. కానీ ఇంట్లో ఒకటి మారింది. అంతవరకు మా ఇంట్లో ఎవరూ పలకని చిన్నాయిన పేరు అవ్వ పలకడం మొదలుపెట్టింది. దుకాణానికి పోయే పొద్దు అయ్యేసరికి ఏదో ఒకటి ఎత్తుకునేది. చెరుకు దొంగిలించి దొరికిపోయిన సంగతి, అన్న పెళ్లిలో అలిగి చెట్టెక్కిన సంగతి. "గట్ల కాదమ్మా, నేను చెప్త విను," అని బాపు అందుకునేవాడు. చెబుతూ చెబుతూ కొన్నిసార్లు పొద్దు దాటిపోయేది, కొన్నిసార్లు మధ్యలో లేచి పోయేవాడు. లేచి పోయే రోజులు తగ్గుతూ వచ్చాయి. అలా రెండు పంటలు గడిచాక, బాపు ఎప్పుడు మానేశాడో మాకెవరికీ తెలియకుండానే మానేశాడు.

మధ్యలో పెత్రమాస వచ్చింది. పెద్దల పేరిట బియ్యం ఇవ్వడానికి కులంవాళ్లంతా చేరినప్పుడు బాపు లేచి నిజం చెప్పాడు. తమ్ముడిని పాతరలో దించింది తానేనని, రజాకార్లు పాతర జోలికి పోలేదని అందరి ముందు చెప్పాడు. ఆ రోజు ఆయన చుక్క ముట్టలేదు. కులపెద్ద ఏమన్నాడో తెలుసా? "ఊకో, తాగి మాట్లాడకు. మా పిలగాని పేరు ఖరాబు చెయ్యకు."

ఒట్టు కథ ఎక్కడి నుంచి పుట్టిందో ఇప్పుడు అర్థమైందా? మా అవ్వ ఏం చేసిందో ఒప్పుకుంటే, పాతర మూత ఎవరు వేశారో కూడా ఒప్పుకోవాలి. ఎల్లమ్మ మీద వేస్తే ఆ బాధ లేదు. తాగినవాడిని దీపం ముందు నిలబెట్టడం సులువు, వాడి పక్కన ఒక పూట కూర్చోవడం కష్టం.

మొన్న మా తమ్ముడు కూడా ఆ పాత లెక్కే చెప్పాడు. నీ కొడుకు ఎందుకు తాగుతున్నాడురా అని అడిగితే, "దానికి కారణం ఏముంటదక్కా, కొవ్వు," అన్నాడు. గుడికి పోయే కారు ఎక్కకుండా ఆ పిల్లవాడిని ఆపి నా దగ్గర కూర్చోబెట్టుకున్నాను. వాడు ఏమీ చెప్పలేదు. నేను కూడా ఏమీ అడగలేదు. పొద్దు వాలేదాకా ఇద్దరం కూర్చున్నాం. పోతూ పోతూ, రేపు వస్తా అత్తా అన్నాడు. నలభై ఏళ్లుగా నేను దాచుకున్నది ఇదొక్కటే. తాగేవాడిని మానమని చెప్పే ముందు, వాడు ఏ చోటు వైపు చూడలేకపోతున్నాడో కనిపెట్టాలి. కనిపెట్టాక ఒంటరిగా వదలకూడదు.

కానీ అవ్వను నేను అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది. ఆమె ఉన్నప్పుడు నాకు అడిగే వయసు లేదు, అడిగే వయసు వచ్చేసరికి ఆమె లేదు. మొదటి రోజే కొట్టంలోంచి అంతా చూసినదానివి. కొడుకు నీ కళ్ల ముందు పడుతూ లేస్తూ ఉంటే, గుంజకు కట్టేస్తుంటే, కోడలు బండి దాకా వచ్చేదాకా ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? వాడి నోటితో వాడే చెప్పాలని ఆగావా, లేక చిన్నకొడుకును పోగొట్టిన పెద్దకొడుకు మీద నీ కడుపుమంట చల్లారడానికే అంత కాలం పట్టిందా అవ్వా?