మేనత్త అడిగిన ఆట

నిన్న టీవీ సీరియల్లో వచ్చిన భాగం గురించి పొద్దున్నే మా మనవరాళ్లిద్దరూ తగవు పెట్టుకున్నారు. మొగుడు పెళ్లాం చెంప పగలగొట్టాడట, పక్కనున్న వంటవాడు జోకు వేశాడట. ఆ మొగుడూపెళ్లాలకు ఎంత ప్రేమో అని పెద్దది, నీ మొహంలా ఉందని చిన్నది. నాకిది కొత్త తగవేం కాదు. అరవైల మొదట్లో, టీవీ అనే మాటే తెలియని తాండూరులో, మా మేనత్త ఇంటి అరుగు మీదే విన్నాను.

వేసవి సెలవులకు వికారాబాద్‌లో రైలెక్కి అత్త దగ్గరికి పోయేదాన్ని. ఆ ఏడు వాడకు పగటివేషగాళ్లు వచ్చారు. రోజుకో వేషం, రోజుకో ముక్క కథ. ఆఖరి రోజు మాత్రం ఇంటింటికీ వచ్చి జొన్నలు పెట్టించుకుని, పెట్టిన ఇల్లాలు అడిగిన ఆట ఆడిపోవడం వాళ్ల ఆనవాయితీ. జనం పగలబడి నవ్వింది తాగుబోతు మొగుడి వేషానికే. వాడు మజ్జిగ తాగి, పెళ్లాం జుట్టు పట్టి ఈడ్చి, "సల్లల ఉప్పేది?" అని ఒక దెబ్బ, "ఉప్పెందుకేసినవ్?" అని ఇంకో దెబ్బ వేస్తాడు. పెళ్లామంటే మీసాలు తీసేసుకుని చీర కట్టిన మగవాడే లెండి. బండల గనిలో పనిచేసే మా మామకు ఆ ముక్కంటే ప్రాణం. సాయంత్రం అరుగు మీద చేరినవాళ్లందరికీ అదే ముచ్చట. "ఆమెకు గూడ మొగుడంటె పానమే. లేకుంటె పుట్టింటికి పోకపాయెనా" అనేవాడు పక్కింటాయన. "పోతె బువ్వెవరు పెడ్తరు" అనేది ఆయన భార్య. మామ నవ్వుతూ లోపలికి పోయి అత్త జుట్టు పట్టుకునేవాడు. అవే మాటలు, అవే దెబ్బలు. బయట నవ్వులు. మామ అంతకుముందూ కొట్టేవాడు, ఇప్పుడు నవ్విస్తూ కొట్టడం నేర్చాడు. అత్త పెదవి చిట్లి నెత్తురు కారేది. ఒక పన్ను ఊడిపోయింది కూడా. ఆ మనిషి మీద నాకు ఈనాటికీ కోపమే.

ఆఖరి రోజు అత్త కారం దంచుతున్నదల్లా లేచి, రోకలి గోడకు ఆనించి, చాటనిండా జొన్నలు తెచ్చింది. "గా తాగుబోతు ఆటనే ఆడుండ్రి. గని ఇయ్యాల పెండ్లాం కొట్టాలె" అంది. వేషగాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. జొన్నలు పెట్టిన చెయ్యి అడిగితే కాదనకూడదు. చీర కట్టినవాడు మొగుడి జుట్టు దొరకబుచ్చుకుని ఉప్పు సంగతి అడగడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. మామ నవ్వలేదు. అందరి ముందే లేచి అత్త మీద కుడిచెయ్యి ఎత్తాడు. అత్త వెనక్కి తిరిగి రోకలి అందుకుంది. మణికట్టు విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

"ఇంగ నన్ను ముట్టకు. ముట్టినవంటె రెండోది గూడ పోతది" అంది అత్త, కింద పడి అరుస్తున్న మామతో. పక్కింటామె వచ్చి అత్త పక్కన నిలబడింది.

మామ మళ్లీ అత్త మీద చెయ్యి చేసుకోలేదు. ఆ చెయ్యి వంకరగా అతుక్కుని సుత్తికీ, ముద్దకూ కూడా పనికిరాకుండా పోయింది. అత్తే గనికి పోయి బండలు మోసింది, అత్తే అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఏళ్ల తర్వాత వాడకు వచ్చిన కొత్త కోడళ్లు అది చూసి, "ఇద్దరికి ఎంత ప్రేమనో" అని మురిసిపోయేవారు. అత్త ఇంకో ముద్ద కలిపేది. ఆ రోజు చూసినవాళ్లు ఒక్కొక్కరే పోతుంటే, చూడనివాళ్ల మాటనే కాలం నిజం చేసుకుంటూ పోతుంది.