మా క్వాలిటీ మేనేజరు పెద్దనాయన

ఫ్యాక్టరీ సైరన్ విని గడియారాలు సరిచేసుకునే కాలం అది. పాశమైలారంలో రోజుకో కొత్త షెడ్డు లేచేది. పటాన్‌చెరు హోటళ్లలో చాయ్ తాగుతున్న ప్రతి ఇద్దరిలో ఒకడు రేపోమాపో ఓనరు కాబోయేవాడే. ఆ ఒక్కణ్ణి నేను. (చాయ్ పైసలు రెండోవాడు ఇచ్చేవాడు.) టైమ్ కీపరు ఉద్యోగం మానేసి, మందుల డ్రమ్ముల కింద వేసే చెక్క పీటలు, అదే పాలెట్లు, తయారుచేసే షెడ్డు తెరిచాను. స్థలం మా నాయనది, ధైర్యం మాత్రం టై సారుది. టై సారంటే సంగారెడ్డి ఫంక్షన్ హాల్లో రెండు రోజుల్లో ఎలాంటివాణ్ణయినా పారిశ్రామికవేత్తగా మార్చి పంపే మహానుభావుడు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి, అద్దంలో చూసుకుంటూ 'నేను గొప్పవాణ్ణి' అని పదకొండుసార్లు అనాలి, చిన్న పనులు చేత్తో ముట్టకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా పెద్దగా ఆలోచించి పెద్దగా కనబడాలి. ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుని ఎర్ర గీతలు కూడా కొట్టుకున్నాను. నా అద్దం సాధన మొదటి రోజే విన్న అమ్మ, ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది.

చిన్న పనులు ముట్టకూడదు కనుక పాలెట్లు కొట్టే పని ఇద్దరు బీహారీ వడ్రంగులకు వదిలేశాను. వాళ్లు ఏ చెక్క వాడుతున్నారో, ఏ మొల కొడుతున్నారో అడగడం నా స్థాయికి తక్కువనిపించింది. నేను సగం షెడ్డు మింగేసిన క్యాబిన్‌లో, లైను లేని టెలిఫోను ముందర, టై కట్టుకుని కూర్చునేవాణ్ణి. జేబులో 'చైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్' అని బంగారు అక్షరాలతో కార్డులు. ఆర్నెల్లు గడిచినా వాటిని తీసుకున్నవాళ్లే గాని పాలెట్లు తీసుకున్నవాళ్లు లేరు. చివరికి ఒక మందుల కంపెనీ పర్చేజ్ ఆఫీసరు షెడ్డు చూడటానికి వస్తానన్నాడు. ఆ మాట విని నాయన గుమ్మంలో నిలబడి చెప్పేశాడు.

"ఇదే ఆఖరు. ఈ ఆర్డరు రాకుంటే షెడ్డు గోదాముకు కిరాయికిస్త. నువ్వు మల్ల టైమ్ కీపరు నౌకరీకి పో."

ఆ నౌకరీ మానేసిన రోజు గేటు దగ్గర అందరికీ చెయ్యూపి, 'మళ్లీ వస్తే కారులోనే' అని చెప్పి వచ్చినవాణ్ణి నేను. ఏ ముఖం పెట్టుకుని సైకిలు మీద వెళ్లను? అందుకే పెద్దగా కనబడాలని నిశ్చయించుకుని ఊరికి పోయాను. బాబాయి కొడుకులూ వాళ్ల దోస్తులూ కలిపి ఎనిమిదిమందిని పోగుచేసి, బిల్డింగులు కట్టే మేస్త్రి దగ్గర హెల్మెట్లు అడుక్కొచ్చాను. కొందరు సుత్తులతో ఊరికే చప్పుడు చెయ్యాలి. చిన్న తమ్ముడు ఒకే చెక్కను వెనక తలుపు నుంచి ముందు తలుపుకు, మళ్లీ వెనక్కి మోస్తూ ఉండాలి. బుర్రమీసాల పెద్దనాయనకు (నాయనకు అన్న, జీవితమంతా సేద్యం) తెల్ల కోటు వేసి క్వాలిటీ మేనేజరును చేశాను.

"పెద్దనాయనా, నోరు తెరవకు. ఏమడిగినా తల ఊపితే సాలు."

"తల ఊపుడేనా? మీ పెద్దమ్మ ముంగట ముప్పయి ఏండ్ల సంది గదే పని గద బిడ్డా!"

ఆఫీసరు సన్నగా, కళ్లద్దాలతో, ఎక్కువ మాట్లాడని మనిషి. నేను మాత్రం ఆగలేదు. పదేళ్ల తర్వాత మా కంపెనీ ఎక్కడుంటుందో చేతులు తిప్పుతూ వివరించాను. అంతా విని, "మీ దగ్గర రిజెక్షన్ ఎంత? నూటికి ఎన్ని పనికిరాకుండా పోతాయి?" అన్నాడు. "అసలు ఉండదు సార్!" అన్నాను ఛాతీ విరుచుకుని. ఆయన పెద్దనాయన వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి. ఈ పాలెట్ బాగుందా?"

పెద్దనాయన తల ఊపబోయాడు. సగంలో ఆగి పాలెట్‌ను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పాలెట్‌ను చూశాడు. కొత్త ఎడ్లబండి కొనేముందు దాని మీదికెక్కి గంతు వేసి చూడటం ఆయన అలవాటు. చెప్పులు విడిచి పాలెట్ ఎక్కి ఒక్క గంతు వేశాడు. ఫట్‌మని చెక్క విరిగి ఆయన పాదం లోపలికి దిగిపోయింది. నా గుండె అంతకన్నా కిందికి దిగింది.

"గిదేం పీట సారూ? నా బరువుకే ఇరిగె. దీని మీద డ్రమ్ము పెడితే పక్కన పనిజేసేటోని కాలు పోదా?" అంటూ ఆయన తక్కినవాటి మీద కూడా గంతులు మొదలుపెట్టాడు. విరిగినవి ఒక పక్కకు నెట్టి, నిలిచినవాటి మీద వడ్రంగుల సుద్దముక్కతో గీత పెట్టాడు. పన్నెండింట్లో అయిదు నిలిచాయి. సుత్తులన్నీ ఆగిపోయాయి. అంతలో చెక్క మోస్తున్న తమ్ముడు హెల్మెటు తీసి, "అన్నా, ఇగ ఇంటికి పోవచ్చునా?" అన్నాడు.

ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నవ్వు దాచుకోడానికే అని ఇప్పటికీ నా అనుమానం.

"ఇక్కడ నిజంగా పనిచేస్తున్నది ఈ పెద్దాయన ఒక్కడే. ఒక లారీ పాలెట్లు పంపండి. ప్రతి దాని మీదా ఈయన సుద్దగీత ఉండాలి."

ఆఫీసరు వెళ్లాక, గుమ్మంలోంచి అంతా చూసిన నాయన నా చేతిలో షెడ్డు తాళంచెవి పెట్టాడు. "తాళం నీది. సుద్దముక్క మీ పెద్దనాయనది" అన్నాడు. మర్నాటి నుంచి పెద్దనాయన పొద్దున్నే బస్సు దిగి, తెల్ల కోటు తొడిగి (దాన్ని నాకు తిరిగివ్వనే లేదు) గంతులు మొదలుపెట్టేవాడు. విరిగినప్పుడల్లా వడ్రంగుల పక్కన కూర్చుని చెక్కలు ఏరే పని నాకు పడేది. ఉక్రోషం ఆపుకోలేక ఓసారి పెద్దనాయనకు టై సారు సూత్రాలన్నీ చదివి వినిపించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అద్దంల నిన్ను నువ్వు సూసుకుంటున్నవ్ బిడ్డా. గా ఆఫీసరు సారు సూసేది పాలెట్‌ను గద?"

ఇప్పుడు నన్ను అలాంటి ఫంక్షన్ హాళ్లకే పిలిచి శాలువా కప్పి, నా విజయానికి కారణమైన అలవాట్లు చెప్పమంటున్నారు. నాలుగున్నరకు లేవడం గురించి గంభీరంగా చెప్పి వస్తాను. (లేచేది ఏడింటికి.) అసలు అలవాటు చెబితే శాలువా వెనక్కి తీసుకుంటారని భయం. బరువు పరీక్షించే యంత్రం కొన్నాను, ఇద్దరు ఇంజనీర్లున్నారు. పెద్దనాయన లేడు. ఆయన లేడనేది లారీ బయల్దేరే ముందు రోజూ గుర్తొస్తుంది. మోకాళ్లు అరిగాయని డాక్టరు ఎంత తిట్టినా, చెప్పులు విడిచి, ఇంజనీర్లు ముఖాలు తిప్పుకుని నవ్వుతుంటే, ఒక పాలెట్ ఎక్కి నా బొజ్జతో సహా ఒక్క గంతు వేస్తాను. అది నిలిస్తే నోరు తెరవకుండా తల ఊపుతాను.