తప్పెక్కడుంది సార్?

వనపర్తిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే జగదీశ్ సారుకు పాఠమంటే పద్దెనిమిదేళ్ల నాటి నోట్సు చదవడమే. వేలు తడుపుకొని పేజీ తిప్పుతాడు. ఎవరైనా ప్రశ్న అడిగితే మూతి విరుస్తాడు. ఆ రోజు, నక్షత్రాల మధ్య వాయుమేఘం తన బరువుకు తానే కుంగిపోతుందని చదువుతుంటే, ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చే వసంత లేచింది.

“సార్, కాస్మిక్ కిరణాలు లోపల్నుంచి నెడితే మేఘం కుంగకుండ ఆగుతది గద?”

“కూలి చేసేటోళ్ల బిడ్డవు, నీకు ఆకాశం ముచ్చట్లెందుకే? పరీక్షల రాదు, కూసో.”

వసంత కూర్చోలేదు. బోర్డు దగ్గరికెళ్లి ఆ కిరణాల ఒత్తిడిని లెక్కలో కలిపి చూపించింది. సారు చాలాసేపు చూశాడు. ఒక్క వరుసా అర్థం కాలేదు. “మొత్తం తప్పు” అంటూ డస్టరు అందుకున్నాడు.

“తుడువుండ్రి సార్. గని ముందుగాల తప్పెక్కడుందో చెప్పుండ్రి.”

సారు డస్టరు బల్ల మీద పడేసి, గంట కొట్టకముందే బయటికి నడిచాడు. లెక్క బోర్డు మీదే ఉంది.