మస్కట్ నుంచి అడవికి అక్క సీసాలు

మా అక్క సరోజ మస్కట్‌కి ఫోన్ చేస్తే మొదట అడిగేది నా ఆరోగ్యం గురించి కాదు. "నా సీసాలేవిరా?" అని. ఖమ్మం దగ్గరి ముదిగొండలో పుట్టిన మనిషి, పెళ్లి చేసుకొని పర్ణశాల దాటి అడవి లోపల ఉన్న ఊరికి పోయింది. మా వైపు నుంచి ఎవరు మస్కట్ విమానం ఎక్కినా వాళ్ల చేతికి ఆవకాయ, అడవి తేనె పంపుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ఆవకాయ పాడవుతుందని ఆమె పట్టుదల, అందుకే అన్నీ పెద్ద మూతి గాజు సీసాలే. అలాంటివి ఆ ఊళ్లో దొరకవు. భద్రాచలం షాపుల్లో ఏరుకుని, బతిమాలి తెచ్చుకోవాలి.

నేను మస్కట్‌లో నీళ్ల ట్యాంకర్ నడిపేవాణ్ని. మా గదిలో ఆరుగురం. ఆవకాయ తినేటప్పుడు అందరం అన్నదమ్ములమే, సీసా కడగాలంటే మాత్రం ఎవరి పని వాళ్లకు గుర్తొచ్చేది. ఖాళీ కాగానే వీధి చివరి చెత్త డబ్బాలో పడేసి వచ్చేవాళ్లు. నేను పోయి మళ్లీ బయటికి తీసి, సబ్బుపెట్టి కడిగి, డాబా మీద బోర్లించి, మంచం కింద దాచేవాణ్ని. నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక మహానుభావుడు నాకు "సీసాల సేటు" అని పేరు పెట్టాడు. మర్నాడు అతని అత్తరు సీసాలో టీ డికాషన్ పోసి ఉంచాను. శుక్రవారం తెల్ల చొక్కా వేసుకుని, దాని మీద అది పూసుకున్నాక అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

రెండు వేల ఆరు వేసవిలో సెలవు దొరికింది. లుంగీల్లో, అరబ్బీ పేపర్లలో చుట్టి సూట్‌కేసు నిండా సీసాలు సర్దాను. మనవైపు ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వం కదా, చిటికెడు చక్కెరైనా రెండు మిరపకాయలైనా వేసి ఇస్తాం. అక్క సీసాలు ఉత్తవి ఎట్లా ఇస్తాను? మస్కట్‌లో లుబాన్ అనే సాంబ్రాణి చాలా మంచిది దొరుకుతుంది, చూడ్డానికి పటిక ముక్కల్లా తెల్లగా, కొంచెం పచ్చగా ఉంటుంది. ప్రతి సీసాలో గుప్పెడు వేసి మూతలు బిగించాను. ముదిగొండలో ఇంటికి చేరి సూట్‌కేసు తెరిస్తే మా ఆవిడ పక్కింటామెను పిలిచి, "అందరి మొగుళ్లు బంగారం తెస్తరు. నా మొగుడు గాజు తెచ్చిండు, సూడు" అంది.

మామిడికాయలు కొట్టే వారం అది. సీసాలు అక్కకి అప్పుడే కావాలి. గోనెసంచిలో వరిగడ్డి పరిచి వాటిని సర్దుకుని, పొద్దున ఆరింటికి ఖమ్మం బస్టాండ్‌లో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మీరు వెళ్లాలనుకుంటే ఈ బస్సే మంచిది. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా మూడున్నర గంటలు పడుతుంది, అప్పట్లో టికెట్టు అరవై రూపాయల లోపే. వేసవిలో ఎడమవైపు కూర్చోండి, కుడివైపు ఎండ కాల్చేస్తుంది. బూర్గంపాడు దగ్గర దారి తిరిగి గోదావరి వంతెన ఎక్కేసరికి తొమ్మిదిన్నర కావొస్తోంది. నది సన్నగా, ఇసుక వెడల్పుగా ఉంది. భద్రాచలంలో బస్టాండ్ పక్కన ఇడ్లీ తింటుంటే, వండుతున్న ఆమె నా సంచి గలగల విని అడిగింది.

"ఏందయ్యా, సారా సీసాలా?"

"అత్తరు సీసాలమ్మా. రాముడికి పుయ్యనీకి."

"నీ యెటకారం నా కాడ సరే గాని, అడవిల నక్సలైట్ల కోసం పోలీసోళ్లు దిగిండ్రంట. పగటేలనే పోయిరా. దారిల ఎవలన్న అడిగితే సక్కగ సమాధానం చెప్పు."

ఆమె మాట విని ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

పర్ణశాల దాకా షేరు జీపులు దొరుకుతాయి, గంటకు కొంచెం ఎక్కువ ప్రయాణం. అక్కడి నుంచి లోపలికి పోవాలంటే బండి కిరాయికి మాట్లాడుకోవాల్సిందే. నాకు ముత్తయ్య దొరికాడు. ముప్పై ఐదేళ్లుంటాయి, ఆ అడవి పల్లెల్లోని కోయ కుటుంబం వాడు, పాత జీపు. మా బావని ఎరుగుదునన్నాడు. సంచి వెనక పెట్టించి, "పైలంగ పోనీ తమ్మీ, గాజు ఉంది" అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు, అతనూ అడగలేదు. పర్ణశాల దాటాక రోడ్డు మట్టిదారి అయింది. టేకు ఆకులు రాలిపోయి అడవి మధ్యలో దూరం దాకా కనిపిస్తోంది, మనిషి జాడ లేదు. ముత్తయ్య వేగం తగ్గించి, రెండు పక్కలా చూస్తూ నడిపాడు.

మలుపు తిరగ్గానే దారికి అడ్డంగా వెదురు బొంగు, పక్కన ఇసుక మూటలు, నలుగురైదుగురు పోలీసులు. పోయిన సెలవులో ఇక్కడ ఏమీ లేదు. ఒక కానిస్టేబుల్ వచ్చి జీపు తాళం లాక్కుని, సంచిని లాఠీతో తట్టాడు. గలగలమంది.

"ఏముందిరా ఇండ్ల?"

మాట తీరు మా ఖమ్మం వాడిదే. నా నాలుక ఊరుకుంటుందా? "ఏముంటది సార్, గాలి. మస్కట్ గాలి పట్టుకొచ్చిన" అన్నాను.

అతను నవ్వలేదు. సంచి మూతి విప్పి ఒక సీసా తీశాడు, అరబ్బీ పేపరు చింపాడు, మూత తిప్పాడు. అడుగున తెల్లటి ముక్కలు. రెండో సీసా తీశాడు, అవే ముక్కలు. మూడోది తియ్యలేదు. వెనక్కి నడిచి, గొంతు మార్చి, "సార్!" అని కేకేశాడు. ఇసుక మూటల వెనక రైఫిళ్లు మావైపు తిరిగాయి. నన్నూ ముత్తయ్యనూ దారి మీద గొంతుకూర్చోబెట్టి, చేతులు తలమీద పెట్టుకోమన్నారు.

ఎస్సై కుర్రవాడే, కోస్తా వైపు యాస. దగ్గరికి రాకుండా దూరం నుంచే అడిగాడు. "ఏమయ్యా, ఏంటవి?"

"సాంబ్రాణి సార్. మా అక్క సీసాలు, తిరిగి ఇయ్యనీకి పోతున్న."

"ఎక్కడి నుంచి?"

"మస్కట్ నుంచి."

"ఖాళీ సీసాలు ఇవ్వడానికి విమానం ఎక్కి వచ్చావా?"

నా జన్మలో ఎన్నో అబద్ధాలు చెప్పాను, అందరూ నమ్మారు. ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్తుంటే నా చెవులకే అబద్ధంలా వినిపించింది. ఫోన్ చేసి మా అక్కను అడగమందామంటే అక్కడ సిగ్నల్ లేదు.

"మందుపాతరలకి వాడే సరుకూ ఇట్లాగే ఉంటుంది. భద్రాచలం పంపించి పరీక్ష చేయిస్తాం. అప్పటిదాకా ఇద్దరూ స్టేషన్‌లో ఉంటారు, బండితో సహా" అన్నాడు ఎస్సై. ముత్తయ్య వైపు తిరిగి, "ఇంతకుముందు ఎన్నిసార్లు చేరవేశావు లోపలికి?" అని అడిగాడు.

ముత్తయ్య తల అడ్డంగా ఊపాడు. చెమట గడ్డం మీది నుంచి మట్టిలో పడుతోంది. ఎస్సై అటు తిరిగాక, ముత్తయ్య పెదాలు కదపకుండా నాతో అన్నాడు. "అన్నా, నిజం చెప్పు. అది ఏంది?"

"సాంబ్రాణే తమ్మీ."

"ఇందాక గాలి అన్నవ్ గదా."

"గది మజాక్."

"ఏది మజాక్, ఏది నిజం, నాకెట్ల తెలుస్తది? నువ్వు రేపు విమానం ఎక్కి పోతవ్. నేను రోజూ ఇదే దారిల తిరగాలె. ఈళ్లు నన్ను నక్సలైట్ల మనిషి అంటరు. జల్దీ వదిలేస్తే ఆళ్లు అడుగుతరు, పోలీసోళ్లకు ఏం చెప్పి బయటపడ్డవ్ అని. నాకు ఇంట్ల ఇద్దరు ఆడపిల్లలున్నరన్నా."

తలమీద చేతులు తియ్యకుండానే ఎస్సై వైపు తిరిగాను.

"సార్, ఒకటి కాలుస్త" అన్నాను. "మీ ముందే. సాంబ్రాణి అయితే పొగ వస్తది, కాకపోతే నేను పోత."

ఎస్సై దారి పక్కన ఖాళీ జాగా చూపించి, "డ్రైవర్ వెలిగిస్తాడు" అన్నాడు.

"సీసాలు నావి సార్. ఆయనకు సంబంధం లేదు" అని, ఎస్సై ఔననకముందే లేచాను. ఒక సీసా, అగ్గిపెట్టె తీసుకుని నడిచాను. వెనక బూట్లు ఇసుక మూటల చాటుకు పోయిన చప్పుడు వినిపించింది. అది సాంబ్రాణే అని నాకు తెలుసు, నా చేత్తో నేను వేసిందే. అయినా అంతమంది దాక్కున్నాక నాకూ అనుమానం వచ్చింది. కొట్టువాడు వేరేది ఏదైనా ఇచ్చాడా అని. రాతి మీద ముక్క పెట్టి పుల్ల గీశాను, ఆరిపోయింది. మరోటి గీస్తే విరిగింది. మూడో పుల్లకు ముక్క అంటుకుని బుస్సుమంటూ నల్లపొగ లేచింది. వెనక రైఫిల్ బోల్టు లాగిన శబ్దం. నేను కదల్లేదు, ధైర్యంతో కాదు, కదిలితే కాలుస్తారని. మంట తగ్గాక పొగ తెల్లబడింది, గాలి వాళ్ల వైపు వీచింది.

ఇసుక మూటల వెనక నుంచి ఒక పెద్ద వయసు కానిస్టేబుల్ అన్నాడు, "సార్, గుడి వాసన."

ఎస్సై అంతటితో వదల్లేదు. ఒక సీసాలో సాంబ్రాణి ఉంటే మిగతావాట్లో అదే ఉంటుందని ఏం నమ్మకం అన్నాడు, ఆ మాటా నిజమే. ప్రతి సీసాలోంచి ఒక ముక్క తీసి నా చేత కాల్పించాడు. గంటకు పైగా పట్టింది. ఆఖరికి అడవంతా పూజ జరుగుతున్నట్టుంది. "దోమలు పోయినయ్ సార్, రోజూ పిలిపిద్దామా ఈయన్ని?" అన్నాడు మొదటి కానిస్టేబుల్. అందరూ నవ్వారు. ముత్తయ్య నవ్వలేదు. తాళం ఇచ్చేటప్పుడు ఎస్సై అతని మొహం పరీక్షగా చూసి, "నిన్ను గుర్తుపెట్టుకుంటా" అన్నాడు. ముత్తయ్య నా వైపు చూడకుండా బండి కదిలించాడు.

మా అక్క, ఇంటి ముందు మామిడి ముక్కలు కొడుతున్న కత్తిపీట దగ్గరి నుంచి లేచి వచ్చి, నన్ను కాదు, సంచిని చూసింది. ఒక్కో సీసా ఎత్తి వెలుతురులో పెట్టి చూసి, తలెత్తింది.

"మూతలేవిరా?"

మూతలన్నీ ఇసుక మూట మీద వదిలేసి వచ్చాం. జరిగింది చెప్పాను. ఆమె విని, ముత్తయ్యకు చెంబుతో నీళ్లిచ్చి, "మళ్ల ఏ దారిల పోతవ్ తమ్మీ?" అంది.

"అదే దారి అక్కా. ఇంకోటి లేదు."

"ఒక్కనివి పోతే ఆ ఎస్సై మళ్ల అడుగుతడు గదా."

"అడుగుతడు."

అక్క చెయ్యి కడుక్కుని, ఒక సీసాలోని సాంబ్రాణి పక్కన పోసి, తుడిచి, అప్పుడే కలిపిన ఆవకాయ నింపి, పైన గుడ్డ కట్టి, జీపులో కూర్చుంది. నేనూ ఎక్కబోతే, "నువ్వొద్దు. నీ నోరు ఇంటికాడ ఉండనీ" అంది. బావ పొలంలో ఉన్నాడు. ముక్కల దగ్గర ఈగలు తోలుతూ ఒంటరిగా కూర్చున్నాను. పదినిమిషాలకు ఒకసారి దారి దాకా పోయి చూశాను. ముత్తయ్య పిల్లల పేర్లు కూడా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. అక్క ఒళ్లో మూతలున్నాయి. ఆవకాయ సీసా లేదు. పోలీసుల దగ్గరికి నేరుగా పోయి, "మా తమ్మునిది నోరు మంచిది కాదు, సీసాలు మాత్రం నావే. నా మూతలు ఇయ్యిండ్రి" అని అడిగిందట. మొదట ఎస్సై విసుక్కున్నాడట. ఆమె సీసా మీది గుడ్డ విప్పేసరికి ఆ పెద్ద కానిస్టేబుల్ అన్నం గిన్నె తెచ్చుకున్నాడట. తిన్నాక, మూతలు ముత్తయ్య చేతికే లెక్కపెట్టి ఇచ్చారట.

"ఇగ నాకు పేరు పెట్టిండ్రు అన్నా" అన్నాడు ముత్తయ్య. పోలీసులు ఆపినప్పటి నుంచి మొదటిసారి నా మొహం చూసి మాట్లాడుతున్నాడు. "మూతల ముత్తయ్య అంట. పల్లెల్ల కూడ అప్పుడే తెలిసింది, మూతలకు పోయిండని నవ్వుతున్నరు."

"మంచిదే గదా తమ్మీ."

"మంచిదే. పోలీసోళ్లు, పల్లెలోళ్లు, రెండు దిక్కులా నవ్వుతున్నరు. నవ్వేటోళ్లు అనుమానపడరు." కిరాయి తీసుకుని, తేనె ఇవ్వబోతే మాత్రం సీసా వద్దన్నాడు. అక్క తెచ్చిన స్టీలు డబ్బాలో పోయించుకుని పోయాడు.

ఆ తర్వాత కూడా నేను సీసాలు కడిగి దాస్తూనే ఉన్నాను, ప్రతి సెలవుకూ తెస్తూనే ఉన్నాను. వేళాకోళం మానలేదు, మానితే మా ఆవిడ దవాఖానాకు తీసుకుపోతుంది. కానీ ఒకటి అర్థమైంది. నా మాటకు నేను నవ్వి వెళ్లిపోతాను. దాని బరువు నా పక్కన కూర్చున్నవాడి మీద పడుతుంది, వాడు దిగిపోవడానికి వేరే ఊరు ఉండదు. ఆ అడవిలో చూడదగ్గవి చాలా ఉన్నాయి, ఎండాకాలం గోదావరి, పర్ణశాల ఒడ్డు, టేకు మోళ్ల మీద సాయంత్రపు వెలుగు. నాకు మాత్రం ఆ దారి తలుచుకుంటే మట్టిలో పడుతున్న చెమట చుక్కలు గుర్తొస్తాయి.

వెళ్లేవాళ్లకు ఒకే సలహా. పర్ణశాల నుంచి లోపలికి బండి మాట్లాడుకునేటప్పుడు కిరాయి సంగతి తర్వాత, ముందు సంచి విప్పి మీరు తీసుకుపోతున్నదంతా డ్రైవర్‌కి చూపించండి. అది చూశాక కూడా అతను ఎక్కమంటేనే ఎక్కండి.