రెండు కార్బురేటర్ల కారు, మా పెదనాయన

మొన్న ధర్మవరంలో ఒక పెళ్ళికి వెళ్ళి బస్సులో హిందూపురం తిరిగి వస్తుంటే, పెనుకొండ దాటాక రైల్వే గేటు పడింది. మా బస్సు ముందు ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు ఒకటి ఆగి ఉంది. టాపు లేనిది, ఇద్దరే కూర్చునేది, అవసరానికి కాక సరదాకు కొనుక్కునే రకం. గేటు తీసేసరికి అది ఒళ్ళంతా ఒకసారి వణికి ఆగిపోయింది. కుర్రవాళ్ళిద్దరూ దిగి, ఒకడు ఫోను చేస్తుంటే ఇంకొకడు తోస్తున్నాడు. ఐడిలింగు కుదరడం లేదని, అంటే యాక్సిలరేటరు మీంచి కాలు తీసినప్పుడు ఇంజను తనంతట తాను నిలకడగా తిరగడం లేదని, నాకు కిటికీలోంచి ఆ వణుకు చూస్తేనే తెలిసింది. దిగుదామని లేచినవాణ్ణి మళ్ళీ కూర్చున్నాను. అలాంటి కారు మీద చెయ్యి వేసి నలభై ఏళ్ళు దాటింది, మళ్ళీ వెయ్యాలని లేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, పెళ్ళయి ఒక బిడ్డ తండ్రిని. మా నాయన ఆమడగూరులో సేద్యం చేసుకుంటూ ఉండిపోతే, నన్ను హిందూపురం పిలిపించి మెకానిక్కును చేసింది మా పెదనాయనే. పెనుకొండ రోడ్డు మీద ఆయనకు రేకుల షెడ్డు ఉండేది. లారీలూ జీపులూ బాగుచేసేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నా, ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బురేటరు ట్యూనింగు అంటే మాత్రం మడకశిర నుంచి కదిరి దాకా ఆయన పేరే చెప్పేవారు. రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో పెట్టుకుని, రెండో కొన కార్బురేటరు నోటి దగ్గర పట్టి, లోపలికి గాలి పీల్చుకునే బుస వింటూ స్క్రూ తిప్పేవాడు. ఆయన గొట్టం చెవిలో పెట్టాడంటే చాలు, పక్క షెడ్డులో రేకులు సాగగొట్టే ఆయన సుత్తి దించేవాడు, ఎదురుగా వెల్డింగు ఆగేది, టీ అంగడి ఆమె కూడా గ్లాసులు కడగడం ఆపి నిలబడేది. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఆయన గొట్టం తీసి తల ఊపేదాకా వీధి వీధంతా ఊరుకునేది. ఆయన తమ్ముడి కొడుకునైనందుకు ఆ కాసేపూ నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఆ రోజుల్లో ధర్మవరంలో పట్టుచీరల అంగడి పెట్టుకున్న షావుకారు ఒకాయన బెంగళూరు నుంచి రెండు కార్బురేటర్ల పాత విదేశీ కారు కొనుక్కొచ్చాడు. తాత తండ్రుల నుంచి మగ్గం మీద బతికిన ఇల్లు, ఈయనకేమో ఇలాంటి పిచ్చి. నేలకు జానెడెత్తున ఉన్న ఆ సీటులో కూర్చోవడమూ మగ్గం గుంతలో కూర్చోవడమూ ఒకటేనని వాళ్ళమ్మ అందులో కాలు పెట్టనే లేదట. అదెలా ఉన్నా, ఇంజను వేడెక్కేదాకా బాగానే నడిచి, పెనుకొండ చేరేసరికి కాలు తీస్తే ఆగిపోయేది.

"కాలు తీస్తానే నిలిచిపోతాండాదప్పా, నలుగురిలో నగుబాటైతాండాది" అని ఆయన మా షెడ్డుకు తెచ్చాడు.

పెదనాయన గొట్టం పెట్టాడు, వీధి ఊరుకుంది, స్క్రూలు తిప్పాడు, తల ఊపాడు. కారు వెళ్ళింది, నాలుగు రోజులకు తిరిగొచ్చింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ వచ్చింది. మూడోసారి షావుకారు కోపం లేకుండానే, ఈసారి కూడా కుదరకపోతే బెంగళూరికే తీసుకుపోతానని అన్నాడు. ఆ మాటకు పెదనాయన మొహం మాడిపోయింది. ఆయన చేతికి వచ్చిన బండి ఇంకొకరి చేతికి వెళ్ళడమన్నది అంతవరకూ లేదు.

ఆ పూటే నేను ఒక దృశ్యం చూశాను. వీధంతా ఊపిరి బిగబట్టి ఉంది, పెదనాయన కళ్ళు మూసుకుని, గొట్టం చెవిలో పెట్టుకుని, కుడిచేత్తో స్క్రూ తిప్పుతున్నాడు. గొట్టం రెండో కొన కార్బురేటరు నోటి దగ్గర లేదు. జారిపోయి మడ్‌గార్డు పక్కన గాలిలో వేలాడుతోంది. ఆయనకది తెలియలేదు. కాసేపు అలాగే విని, తృప్తిగా తల ఊపి, "ఇప్పుడు సరిగ్గా ఉండాది" అన్నాడు.

ఇంజను పక్క నుంచి సన్నగా ఈల వస్తూనే ఉంది. ఒకప్పుడైతే ఆయన దాన్ని రోడ్డు మీద నుంచే పట్టేసేవాడు. కారు సాయంత్రం ఇస్తామని షావుకారును పంపేశాం. అది శుక్రవారం. పెదనాయన నమాజుకు వెళ్ళగానే నేను ఇంజను స్టార్టు చేసి, కార్బురేటరు బిగించే చోట నూనె బుడ్డితో రెండు చుక్కలు వేశాను. ఇంజను ఒక్క క్షణం నిలకడగా తిరిగి, నూనె లోపలికి పోగానే మళ్ళీ తడబడింది. అతుకులో గాలి దూరుతోందన్నమాట. విప్పి చూస్తే అతుకు మధ్య వేసే అట్ట గాస్కెట్టు చీలి ఉంది. గాస్కెట్టు అట్ట నుంచి కొత్తది కత్తిరించి వేసి, గొట్టం నా చెవిలో పెట్టుకుని రెండు కార్బురేటర్ల బుసా సమం చేసి, ఏమీ ఎరగనట్టు చేతులు కడుక్కున్నాను. పెద్దాయన మర్యాద కాపాడానని నా మనసులో ఒక గొప్ప.

ఈసారి కారు ధర్మవరం దాకా వెళ్ళి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చింది. షావుకారు స్వయంగా వచ్చి పెదనాయన చేతులు రెండూ పట్టుకుని, ఇలాంటి చెవి బెంగళూరులో కూడా లేదని వీధంతటికీ వినపడేలా పొగిడాడు. పెదనాయన ఆ మాటలు ఎంత విన్నాడో తెలియదు. బానెట్టు తెరిచి వంగి చూశాడు. నల్లబడిన ఇనుము మధ్య కొత్త అట్ట అంచు తెల్లగా కనిపిస్తోంది. దాని మీద బొటనవేలు ఒకసారి ఆనించి, బానెట్టు మూసేసి, షావుకారుకు సలాం చెప్పి పంపాడు.

షావుకారు వెళ్ళాక పెదనాయన నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

"నాతో ఒక మాట చెప్పింటే ఏం పోతాండెరా? పిల్లోనికి చేసినట్ల దాచిపెట్టి చేస్తివి" అన్నాడు.

మరునాటి నుంచి ఆయన స్పానరు ముట్టలేదు. ఏడాదిగా వినపడటం లేదని ఆయనకు తెలుసట, వేలికొసలతో ఇంజను వణుకు చూసుకుంటూ నెట్టుకొస్తున్నాడట, నేను ఎప్పుడు అడుగుతానా అని ఎదురుచూశాడట. ఇదంతా తర్వాత పెద్దమ్మ చెప్పింది. ఆ తర్వాత బతికిన నాలుగేళ్ళూ రోజూ ఖాకీ చొక్కా తొడుక్కుని షెడ్డుకు వచ్చేవాడు. బండి ఏదైనా వస్తే అలవాటుగా లేచేవాడు, నన్ను చూసి మళ్ళీ కూర్చునేవాడు. ఆ లేవడం, కూర్చోవడం చూడలేక నేనే బయటికి పోయేవాణ్ణి.

ఇప్పుడు నాకూ వినికిడి తగ్గింది. తాతా, నీకు వినపడటంలేదు, పుట్టపర్తి ఆసుపత్రికి పోదాం పద అని మా మనవరాలు మొహం మీదే చెబుతుంది. కోడలు నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. మా కాలంలో పెద్దవాళ్ళ లోపం చూసీ చూడనట్టు పోవడమే గౌరవమని నేర్పారు, మేమూ అదే నమ్మాం. ఈ కాలపు కార్లకు ఐడిలింగు కంప్యూటరే చూసుకుంటుంది, ఎవరి కోసమూ ఏ వీధీ పని ఆపదు, దానికి నాకు పెద్ద బెంగేమీ లేదు. నా చెవులూ ఆయన చేతులూ కలిపి ఆయన బతికినన్నాళ్ళూ ఆ షెడ్డు నడుపుకుని ఉండవచ్చు. ఎదురుగా నిలబడి, పెదనాయనా నీకు వినపడటం లేదు అని ఒక్కసారి అనడానికి నాకు నోరు రాలేదు. ఆ పిరికితనానికే మర్యాద అని పేరు పెట్టుకున్నాను.