తర్వాతి రైల్లో మామ

మా మేనమామ పోయాడని బళ్లారి దగ్గరి మా ఊరు కురుగోడు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. వచ్చే నెల అమ్మను గుండె పరీక్షకు బెంగళూరు తీసుకుపోవాలి, ఇక మమ్మల్ని అక్కడ తిప్పేదెవరు అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. తమ్ముడు పోయాడని అమ్మ ఏడుస్తుంటే, నా మనసు బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దారి తెలియక తిరుగుతోంది.

మామ చాలా ఏళ్లు మిరపకాయల లారీ మీద బెంగళూరు తిరిగినవాడు. లారీ మానేశాక, ఊళ్లో ఎవరికి ఆ నగరంలో పని పడినా తోడు వెళ్లేవాడు. మెజెస్టిక్‌లో బస్సు దిగగానే ఆటోవాళ్లు చుట్టుముట్టేవాళ్లు. మామ ఎవరికీ జవాబు చెప్పకుండా ఒక స్తంభానికి ఆనుకుని, సీసాలో నీళ్లు నిదానంగా తాగేవాడు. ఆ నీళ్లు అయిపోయేలోపు వాళ్లు ఇంకెవరి దగ్గరికో పోయేవాళ్లు.

అప్పుడు మాకు పాఠం మొదలయ్యేది. బోర్డు చదివినా సరే, సిటీ బస్సు ఎక్కేముందు కండక్టర్‌ను అడగాలి. ఫోన్‌లో పిలిచిన కారు వస్తే నంబరు చూడందే తలుపు ముట్టుకోకూడదు. ఆటోవాడు తెలుగు మాట్లాడినంత మాత్రాన కరిగిపోకూడదు.

“మన బళ్లారోళ్లు మోసపోయేది ఈడనే పాపా. తెలుగు ఇనపడితే సాలు, సుట్టమనుకుంటాం” అనేవాడు.

అన్నిటిలోకీ ఆయనకు మెట్రో మీద నమ్మకం. నాకు అదంటేనే హడలు. అమ్మయితే కదిలే మెట్ల ముందు కాలు పెట్టలేక నిలబడిపోయేది. పోయినసారి ఆమెను లిఫ్టులో దించి, మామ మమ్మల్ని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాడు. రైలు వచ్చింది. నాకు మా ఊరి బస్సు అలవాటు ముందుకొచ్చింది. కురుగోడులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలో సంచో వేసి సీటు పట్టుకుంటాం, పెద్దవాళ్లు తర్వాత నిదానంగా ఎక్కుతారు. నేనూ ఫోన్ అమ్మ చేతిలో పెట్టి, సంచితో ముందు దూరి, ఆమె కోసం ఒక సీటు పట్టాను. గెలిచినట్టు వెనక్కి తిరిగేసరికి తలుపులు మూసుకున్నాయి.

అమ్మ, మామ బయటే ఉన్నారు. అమ్మ మాత్రలు, ఆసుపత్రి కాగితాలు నా సంచిలో ఉన్నాయి. బస్సును కొట్టినట్టు అద్దం మీద కొట్టి, ఆపప్పా, ఆపప్పా అని అరిచాను. రైల్లో అందరూ నన్నే చూశారు. మామ బయటి నుంచి అద్దానికి అరచేయి ఆనించాడు. కాపలా మనిషి విజిల్ వేస్తే వెనక్కి తగ్గాడు గానీ, చేయి దించలేదు. ఆ చేయి ఏం చెబుతోందో నాకు తెలుసు. ఊరు వదిలే ముందు ప్రతిసారీ అదే చెప్పేవాడు.

“తప్పిపోతే యాడికీ కదలొద్దు. దిగినకాడ్నే నిలబడు. నేనే వస్తా.”

తర్వాతి స్టేషన్లో దిగి నిలబడ్డాను. వచ్చేపోయే జనంలో ఒక్కరి ముఖమూ గుర్తులేదు. ఇంకో రైలు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకుంటే ఎదురుగా మామ, ఒక చేత్తో అమ్మను, ఇంకో చేత్తో కడ్డీని పట్టుకుని ఉన్నాడు. తిట్టలేదు. కదల్లేదు కదా, సాలు, ఎక్కు అన్నాడు. కడ్డీ పట్టుకున్న చేయి వణుకుతోంది. రైలు కుదుపేమో అనుకున్నాను.

మామ పోయిన పదకొండో రోజున అత్త చెప్పింది. బెంగళూరు ప్రయాణం ఉందంటే ముందురోజు మామకు అన్నం సహించేది కాదట. మొదట్లో ఒకసారి వెంట తీసుకుపోయిన పక్కింటి అవ్వ ఒక పూటంతా కనిపించకుండా పోయిందట.

“దొరికిందిలే. అయినా ఆ పొద్దు పట్టిన భయం మీ మామను ఇడ్సలేదు” అంది అత్త.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, మామ చేయి వణికినప్పుడు ఆ రైలు ఆగి ఉందని. అంత భయం కడుపులో పెట్టుకునే, మా అందరినీ క్షేమంగా ఇల్లు చేర్చాడు.

రేపే ప్రయాణం. ఇవాళ సంచి సర్దుతుంటే, మనం తప్పిపోతే ఎవరొస్తారని అమ్మ అడిగింది.

“నువ్వు యాడికీ కదలొద్దు మా. నేనే వస్తా” అన్నాను.

అమ్మ నా ముఖం చూడలేదు. మందుల చీటీ మడుస్తున్న నా చేతులనే చూసింది. కాసేపటికి వాటి మీద తన అరచేయి ఆనించి, అలాగే ఉంచింది.